ఆర్వీలో కాన్సస్ పల్లెల మీదుగా: వేసవి ప్రయాణం ఎలా చేయాలి

కాన్సస్ సిటీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి కాన్సస్ రాష్ట్రం అంటే డెన్వర్ వెళ్లే దారి. తెల్లారకముందే ఐ-70 హైవే ఎక్కి, పిల్లల చేతికి ఐప్యాడ్లిచ్చి, పులిహోర డబ్బా ముందు సీట్ల మధ్య ఇరికించి, తొమ్మిది గంటలు ఏకబిగిన పోతారు. మధ్యలో ఏముందని అడిగితే "ఏముంది, గడ్డి" అంటారు. నేనూ చాలా ఏళ్లు అదే మాటన్నాను. ఒక ఆగస్టులో వెనక సీట్లో కూర్చున్న మా నాన్న కిటికీ అద్దం మీద వేలు పెట్టి, "గవి జొన్నలే గదా బిడ్డా, జర బండి ఆపు" అన్నాడు. ఇంటర్‌స్టేట్ మీద జొన్నచేను చూడ్డానికి ఆగితే పోలీసు వస్తాడని చెప్పి ఆపలేదు. ఆయన మళ్లీ అడగలేదు. మరుసటి వేసవిలో అమ్మానాన్న వచ్చినప్పుడు ఆర్వీ, అంటే మంచాలు, వంటగది, టాయిలెట్ అన్నీ ఉన్న బండి, అద్దెకు తీసుకున్నాం. అప్పట్నుంచి మూడుసార్లు వెళ్లాం. మేం చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండటానికి ఇది రాస్తున్నాను.

ముందు నెల తేల్చుకోండి, తర్వాత మైళ్లు తగ్గించుకోండి

గోధుమ కోతలు చూడాలంటే జూన్ రెండో సగంలో వెళ్లండి. కోత దక్షిణాన ఒక్లహోమా సరిహద్దు దగ్గర మొదలై రోజులు గడిచేకొద్దీ ఉత్తరానికి జరుగుతూ పోతుంది. కంబైన్లు, అంటే కోత యంత్రాలు, లారీలకెక్కించుకుని టెక్సస్ నుంచి కెనడా దాకా కూలికి కోస్తూ పోయే బృందాలుంటాయి. ఆర్వీ పార్కులో మీ పక్క బండి వాళ్లదే కావచ్చు. జొన్న కంకులు, పొద్దుతిరుగుడు పూలు కావాలంటే ఆగస్టు చివరి వారం. మే నెల మాత్రం వద్దు, టోర్నడోలు మహా జోరుగా ఉండే నెల అది. జూలైలో ఎండ 38 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పాలమూరు ఎండ చూసినవాళ్లం అనుకుంటాం కానీ, రేకు డబ్బాలో కూర్చుని చూసే ఎండ వేరు.

రోజుకు 150 మైళ్లు దాటొద్దు. మధ్యాహ్నం మూడుకల్లా మకాం చేరిపోవాలి. మధ్యాహ్నమయ్యేకొద్దీ గాలి పెరుగుతుంది, ఉరుములు మెరుపులు సాయంత్రం పూట వస్తాయి, ఊరి పార్కుల్లో చోటు ముందు వచ్చినవాళ్లకే.

మేం తిరిగిన చుట్టు ఇది: కాన్సస్ సిటీ శివారు ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి కౌన్సిల్ గ్రోవ్, అక్కణ్నుంచి కాటన్‌వుడ్ ఫాల్స్, యూఎస్ 50 హైవే మీద హచిన్సన్, ఆపైన గ్రీన్స్‌బర్గ్. అక్కడ ఉత్తరానికి తిరిగి యూఎస్ 183 పట్టుకుని కిన్స్‌లీ, లా క్రాస్, హేస్ మీదుగా స్టాక్‌టన్. కాస్త పడమరకు నికోడిమస్. మళ్లీ తూర్పుకు యూఎస్ 24 మీద కాకర్ సిటీ, దిగువన లూకస్, ఆపైన ఇల్లు. మొత్తం 800 మైళ్ల పైచిలుకు. వారం రోజులు పెట్టుకోండి. నాలుగు రోజుల్లో చేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి రోడ్డు బాగా గుర్తుంటుంది.

బండి తీసుకునేటప్పుడు

ఆరుగురికి లోపైతే క్లాస్ సి రకం, 25 అడుగుల లోపు చాలు. లారీ ముఖం మీద మంచం బిగించినట్టు ఉంటుంది చూడండి, అదే. మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చు. అంతకన్నా పెద్దది తీసుకుంటే పల్లెల్లో మలుపు తిప్పుతుంటే ఊరు ఊరంతా చూస్తుంది.

అద్దె రేటు చూసి మురిసిపోకండి. రోజుకిన్ని మైళ్లని పరిమితి ఉంటుంది, అది దాటితే మైలుకింత. జనరేటర్ గంటలకి వేరే. పెట్రోలు గాలన్‌కి ఎనిమిది నుంచి పది మైళ్లు వస్తే అదృష్టం. ఈ మూడూ కలిపి లెక్కేసుకున్నాకే ఖరారు చేయండి. తాళాలు తీసుకునేటప్పుడు బండి చుట్టూ, పైన, లోపల, ప్రతి తలుపూ తెరిచి మూసి వీడియో తీయండి. వెనక మూల పాత గీతకి మేం డబ్బు కట్టాం, వీడియో లేక.

బండి ఎత్తు ఎంతో అడిగి, చీటీ మీద రాసి స్టీరింగ్ ముందు అతికించండి. సాధారణంగా 11 నుంచి 12 అడుగులు ఉంటుంది. ఊళ్లలో పాత పెట్రోలు బంకుల కప్పు, వీధి మీదకు వంగిన చెట్టుకొమ్మ, కాఫీ డ్రైవ్‌త్రూ: ఈ మూడు చోట్లా ఆ చీటీ పనికొస్తుంది.

ఫ్రిజ్ సంగతి చాలామందికి తెలీదు. చాలా ఆర్వీల్లో ఉండేది గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే రకం. చల్లబడటానికి ఒక రాత్రంతా పడుతుంది, బండి సమతలంగా లేకపోతే సరిగ్గా పనిచేయదు. అందుకే ముందురోజే తెచ్చుకుని ఆన్ చేసి పెట్టండి. చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మెలు ఉన్నాయో లేవో చూసుకోండి. ఇక నడిచే బండిలో మంచమ్మీద పడుకోవచ్చా అని అమ్మ అడుగుతుంది. వద్దు. బెల్టున్న సీట్లలోనే కూర్చోవాలి.

కరెంటు లెక్క

ఊరి పార్కుల్లో ఎక్కువగా దొరికేది 30 ఆంప్స్ కనెక్షన్. 120 వోల్టుల మీద 30 ఆంప్స్ అంటే 3600 వాట్లు. ఏసీ ఒక్కటే సుమారు 1500 తింటుంది, మైక్రోవేవ్ దాదాపు అంతే లాగుతుంది, కరెంటు కుక్కర్ ఒక వెయ్యి. ఏసీ నడుస్తుంటే కుక్కర్ పెట్టొచ్చు, మైక్రోవేవ్ పెట్టొచ్చు, రెండూ కలిపి పెడితే బ్రేకర్ టప్పుమంటుంది. మొదటిరోజు మా బండిలో మూడుసార్లు టప్పుమంది. తర్వాత అన్నం ఉడికేదాకా ఇంకెవరూ ఏ మీటా నొక్కకూడదని నాన్న కర్ఫ్యూ పెట్టాడు.

ప్లగ్ పెట్టే ముందు స్తంభం మీద బ్రేకర్ ఆఫ్ చేసి, పెట్టాక ఆన్ చేయండి. పాత పార్కుల వైరింగ్ నమ్మలేం, కరెంటు ఒక్కసారిగా ఎగసినా బండిని కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి కొనుక్కోండి.

నీళ్లు, ట్యాంకులు: అందరూ తప్పించుకునే పని

మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్లది ఒకటి. సింకు, స్నానం నీళ్లు పోయేది గ్రే. టాయిలెట్‌ది బ్లాక్. పార్కులో డ్రెయిన్ గొట్టం తగిలించుకున్నా బ్లాక్ ట్యాంకు మూత తెరిచి ఉంచొద్దు. నీళ్లు జారిపోయి మిగతాది అక్కడే అట్ట కడుతుంది. మూడింట రెండొంతులు నిండాక ఒకేసారి వదలండి. ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బు నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. చేతులకి తొడుగులు, మంచినీళ్ల పైపు వేరే, కడిగే పైపు వేరే.

అమ్మ బయల్దేరే ముందే మగ్గు కొనిపించింది. మన అలవాటు ఆర్వీ టాయిలెట్‌కి మేలే చేస్తుంది. కాగితం కుప్పపడి గట్టిపడటమే దాని అసలు రోగం, ఎన్ని నీళ్లు పోస్తే అంత మంచిది. కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది. నలుగురైదుగురు ఉంటే రెండు మూడు రోజులకోసారి ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ చూసుకోవాల్సిందే. గొట్టం పని ఎవరిదో ఇంట్లోనే తేల్చుకోండి. మా ఆయన బొమ్మాబొరుసులో ఓడిపోయాడు. మూడు ప్రయాణాలకీ ఆ తీర్పే అమల్లో ఉంది. లూకస్ ఊళ్లో పబ్లిక్ టాయిలెట్‌ని పెద్ద టాయిలెట్ సీటు ఆకారంలోనే కట్టారు, 2012లో తెరిచారు, చుట్టూ గాజుముక్కలతో, బొమ్మలతో మొజాయిక్ పని. బౌల్ ప్లాజా అంటారు. మా ఆయన దాని ముందు నిలబడి ఫోటో దిగి, ఈ రాష్ట్రంలో తనను అర్థం చేసుకున్నది ఈ ఊరొక్కటే అన్నాడు.

సింకులో అన్నం మెతుకులు, పప్పు, నూనె పోయొద్దు. గిన్నె కాగితంతో తుడిచాకే కడగండి.

వంట

పోపు బండిలో పెట్టొద్దు. ఎండుమిరపకాయ వేగిందంటే పొగ అలారం ఊరంతటికీ వినిపిస్తుంది. చిన్న గ్యాసు పొయ్యి ఒకటి బయట బల్ల మీద పెట్టుకుంటే పోపు, ఆమ్లెట్, పల్లీలు వేయించడం అన్నీ అక్కడే అయిపోతాయి. ఘుమఘుమకి పక్క బండివాళ్లు పలకరిస్తారు కూడా.

హచిన్సన్ దాటాక కరివేపాకు, కొత్తిమీర ఆశ వదులుకోండి. బియ్యం, కందిపప్పు, చింతపండు, రెండు పొడులు, ఒక ఆవకాయ సీసా ఇంటి నుంచే. పెరుగు, ఉల్లి, టమాటా ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. శాకాహారులకి ఊరి కెఫేలో పాన్‌కేకులు, గ్రిల్డ్ చీజ్, పై (తీపి పూర్ణం పెట్టి కాల్చే వంటకం) ముక్క, అంతే. ఆ పై ముక్క మాత్రం వదలకండి. చాలా కెఫేలు మధ్యాహ్నం రెండుకే మూసేస్తారు, ఆదివారం అసలు తెరవని ఊళ్లున్నాయి. ఆదివారం ఉదయానికి ఇడ్లీపిండి ఉంచుకోండి.

నడపడం

ఇక్కడ మీ ప్రత్యర్థి గాలి. దక్షిణం నుంచి వీస్తుంది. మీరు పడమరకి పోతుంటే పక్కటెముకల మీద కొడుతుంది. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకోవాలి. 65 రాసున్న రోడ్డు మీద 55లో పోయినా ఎవరూ ఏమీ అనరు, వెనక నాలుగు బండ్లు చేరితే వెడల్పున్న చోట పక్కకి తీసి దారివ్వండి. ఎదురుగా పెద్ద లారీ దాటిన క్షణంలో గాలి ఆగి మళ్లీ తన్నుతుంది, ఆ తన్నుకి సిద్ధంగా ఉండండి.

పెట్రోలు సగానికి పడగానే నింపండి. కొన్ని ఊళ్లలో బంకంటే రైతుల కో-ఆప్ (సహకార సంఘం) దగ్గర కార్డు గీకే పంపు ఒక్కటే, మనిషుండడు. నింపేటప్పుడు గ్యాసు సిలిండర్ కట్టేయాలి.

కోతల రోజుల్లో రోడ్డు నిండా కంబైన్ ఎదురొస్తుంది. హారన్ కొట్టకండి, ఆగండి. మట్టిరోడ్ల మీద వాన పడిన రోజు ఆర్వీ దించొద్దు. మన నల్లరేగడి ఎలా పట్టుకుంటుందో తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎదురొచ్చే పికప్ ట్రక్కులో ముసలాయన స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తుతాడు. పలకరింపు అది. మీరూ ఒక వేలెత్తండి, చూపుడువేలే సుమా.

ఊళ్లోకి ఎలా వెళ్లాలి

దూరాన్నుంచి మొదట కనిపించేది ధాన్యం ఎలివేటర్, తెల్లటి కాంక్రీటు గాదెల వరస. ఊరు కనిపించకముందే అది కనిపిస్తుంది. రైలుపట్టాలు దాని పక్కనే ఉంటాయి. ఆ ఊళ్లలో చాలావరకు పుట్టిందే రైలు కోసం. ఈ రెండు సంగతుల వల్ల మీకు రెండు పనులు. జూన్‌లో ఎలివేటర్ వీధిలో ధాన్యం లారీలు బారులు తీరి ఉంటాయి, అటు బండి తిప్పకండి. రెండోది, పార్కు ఎంచుకునేముందు మ్యాపులో పట్టాలు ఎంత దూరమో చూడండి. ప్రతి గేటు దగ్గరా రైలు రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు కూత కూయాలి, అర్ధరాత్రయినా సరే. కాటన్‌వుడ్ ఫాల్స్ పక్కనున్న స్ట్రాంగ్ సిటీ దగ్గర గూడ్సు రైళ్లు లెక్కపెట్టలేక నిద్ర మానేశాం. చెవుల్లో దూది పెట్టుకోండి.

చాలా చిన్న ఊళ్లు తమ పార్కులోనే నాలుగైదు ఆర్వీ చోట్లు పెట్టుంటాయి. కరెంటు, నీళ్లు ఉంటాయి. మనిషుండడు. గేటు దగ్గర ఇనుప పెట్టె, కవర్లు. ఎంతివ్వాలో బోర్డు మీద ఉంటుంది, కొన్నిచోట్ల మీ ఇష్టం అని ఉంటుంది. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. ఎవరూ చూడట్లేదని పెట్టెలో వేయకుండా పోకండి. వచ్చే ఏడు వేరే తెలుగువాళ్లు వస్తారు.

బండి అక్కడ కట్టేసి కాళ్లకి పని చెప్పండి. మూడు వీధులు, కోర్టు భవనం, లైబ్రరీ. లైబ్రరీలో ఏసీ, వైఫై ఉచితం, ఎండ వేళ పెద్దవాళ్లని అక్కడ కూర్చోబెట్టొచ్చు. పిల్లలకి ఊరి ఈతకొలను, దాంతోపాటు స్నానం కూడా అయిపోతుంది, మీ గ్రే ట్యాంకు మిగులుతుంది. మ్యూజియం తలుపుకి తాళం ఉంటే తిరిగిపోకండి, అద్దం మీద ఫోన్ నంబరు ఉంటుంది. చేస్తే ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరుస్తుంది. తర్వాత మీరు గంటన్నర బయటపడలేరు.

ఎక్కడ ఎంతసేపు

కాటన్‌వుడ్ ఫాల్స్ దగ్గర టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్‌కి ఒక పూట మొత్తం ఇవ్వండి. ఒకప్పుడు అమెరికా నడుమంతా పరుచుకున్న పొడుగుగడ్డిలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు వంతుల లోపే, అందులో ఎక్కువ భాగం ఇక్కడి ఫ్లింట్ హిల్స్‌లోనే. కారణం భక్తీ కాదు, పర్యావరణ ప్రేమా కాదు, రాయి. సున్నపురాయి, చెకుముకిరాయి నేల పైకే ఉండటంతో నాగలి దిగలేదు. 1996లో దీన్ని రక్షిత ప్రాంతం చేశారు, 2009లో అడవిదున్నల్ని తెచ్చి వదిలారు. వాటికి కనీసం 100 గజాల దూరంలో ఉండాలి. లోపల రాత్రి ఉండనివ్వరు. ఊళ్లో 1873 నాటి కోర్టు భవనం ఉంది, ఇప్పటికీ కోర్టే.

హచిన్సన్‌లో మిట్టమధ్యాహ్నం ఉప్పుగనిలోకి దిగండి. 650 అడుగుల లోతు, ఏడాది పొడవునా 20 డిగ్రీల చల్లదనం. కాన్సస్‌లో జూలై మధ్యాహ్నానికి ఇంతకన్నా మంచి ఏసీ లేదు. నాలుగేళ్ల లోపు పిల్లల్ని దించరు. అపోలో 13 వ్యోమగాములు తిరిగొచ్చిన అసలు గుళిక కూడా ఈ ఊళ్లోనే, అంతరిక్ష మ్యూజియంలో ఉంది.

గ్రీన్స్‌బర్గ్‌లో 109 అడుగుల లోతు బావి ఉంది, 1887లో మనుషులు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. మెట్లు దిగి చూడొచ్చు. నాన్న అంచున నిలబడి రాతికట్టు పని చూస్తూ చాలాసేపు కదల్లేదు. 2007 మే 4 రాత్రి టోర్నడో ఆ ఊరిని నూటికి 95 పాళ్లు తుడిచేసింది. మళ్లీ కట్టుకున్న ఊరు గాలిమరల కరెంటుతో నడుస్తోంది. అదే గాలి.

కిన్స్‌లీలో బోర్డు దగ్గర ఐదు నిమిషాలు చాలు: న్యూయార్క్‌కి 1561 మైళ్లు, శాన్‌ఫ్రాన్సిస్కోకి 1561 మైళ్లు. లా క్రాస్‌లో ముళ్లకంచె మ్యూజియం ఉంది. నవ్వకండి, కంచె వచ్చాకే ఈ మైదానంలో ఎవరి పొలం ఏదో తేలింది. నికోడిమస్‌లో నోరు తగ్గించండి. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు కెంటకీ నుంచి వచ్చి 1877లో కట్టుకున్న ఊరది. రైలు వస్తుందని ఎదురుచూశారు, రైలు వేరే దారిన పోయింది. ఇప్పుడు కొద్ది ఇళ్లే మిగిలాయి.

కాకర్ సిటీలో ఒక రైతు 1953లో కొట్టంలో పడున్న పురికొస చుట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడది రోడ్డు పక్క షెడ్డులో ఏనుగును మించిన ఉండ. మీరూ కొంత చుట్టొచ్చు. మా పిల్లలు డెన్వర్‌లో చూసింది ఒక్కటీ చెప్పలేరు కానీ, దీనికి తాము చుట్టిన మూరలు మాత్రం అందరికీ చెబుతారు. రాత్రికి దగ్గర్లోనే గ్లెన్ ఎల్డర్ స్టేట్ పార్కు, చెరువు గట్టున.

ఆకాశం

ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉన్నారో ప్రతిరాత్రీ తెలుసుకుని పడుకోండి. రేడియో హెచ్చరికల్లో ఎక్కువగా వినిపించేది కౌంటీ పేరు. ఊరి పేరు కోసం చూస్తూ కూర్చుంటే మీ కౌంటీ దాటిపోతుంది. వాతావరణ రేడియో ఒకటి కొనుక్కోండి, సెల్ సిగ్నల్ ఉండని చోట్లున్నాయి. వాచ్ అంటే వచ్చే అవకాశం ఉంది, వార్నింగ్ అంటే వచ్చేసింది. వార్నింగ్ వస్తే బండిలో ఉండొద్దు, టోర్నడో ముందు ఆర్వీ అట్టపెట్టె. పార్కు చేరగానే ఆశ్రయం ఎక్కడో, రాత్రి తెరిచుంటుందో లేదో ఎవర్నైనా అడగండి. కొన్ని ఊళ్లలో రోజూ మధ్యాహ్నం పన్నెండుకి సైరన్ మోగిస్తారు, దానికి హడలిపోకండి. అమ్మ మొదటిరోజు చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

పడుకునేముందు ఆనింగ్, అంటే బండి పక్కన నీడకి పరిచే గుడ్డ పందిరి, మడిచెయ్యండి. ఆకు కదలని సాయంత్రమని మేం వదిలేశాం. రాత్రి రెండింటికి గాలి లేచి దాన్ని కప్పు మీదకి విరిచేసింది. డిపాజిట్ పోయింది.

అడగబోయే ప్రశ్న

అక్కడ మనకి భద్రమేనా అని అడుగుతారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీ శివారు ఓలేతలో, ఒక బార్‌లో, మన తెలుగు ఇంజనీరుని కాల్చి చంపారు. ఇంకో తెలుగు అబ్బాయికి, అడ్డుపడబోయిన స్థానికుడికి కూడా తూటాలు తగిలాయి. కాన్సస్ పల్లెలంటే ఇంట్లో పెద్దవాళ్లకి అదే గుర్తొస్తుంది, గుర్తు రాకూడదని నేననను. మేం చీకటి పడ్డాక కొత్త ఊళ్లోకి వెళ్లం, బార్లకి వెళ్లం, ఏ రాత్రి ఎక్కడుంటామో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్తాం. మూడు ప్రయాణాల్లో మాకు ఎదురైనవి చూపులు, ప్రశ్నలు. ఎక్కువ ప్రశ్నలు ఎక్కణ్నుంచి వచ్చారని కాదు, అన్నంలో ఏం కలుపుతున్నారని.

స్టాక్‌టన్ దాటాక ఒక పొలం దగ్గర పికప్ ఆగుంటే, నాన్న దిగి నేరుగా రైతు దగ్గరికి పోయాడు. నేను వెనక పరుగెత్తి తర్జుమా చేశాను. ఇక్కడ జొన్నని మైలో అంటారు, అమెరికాలో అందరికన్నా ఎక్కువ పండించేది కాన్ససే, పశువుల దాణాకీ పోతుంది. కంబైన్‌కి అందాలని నడుమెత్తు రకాలే వేస్తారు. తాండూరులో మనిషి మునిగే జొన్న చూసిన నాన్నకి ఆ ఎత్తు నచ్చలేదు. రొట్టెలు చేసుకుంటామని చెబితే రైతు నమ్మలేదు. పోతూ పోతూ రెండు కంకులు విరిచి ఇచ్చాడు. మీరు అడక్కుండా చేలోకి దిగకండి, అది వాళ్ల పొలం.

బండి తిరిగిచ్చేటప్పుడు

చివరి రాత్రి ఇంటికి రెండు గంటల దూరంలో ఉండేలా చూసుకోండి. ఉదయం ట్యాంకులు రెండూ ఖాళీ చేయాలి, లేకపోతే శుభ్రం చేసే ఖర్చు విడిగా వేస్తారు. పెట్రోలు, గ్యాసు నింపండి. మళ్లీ వీడియో తీయండి. ఫ్రిజ్ ఆపి తలుపు తెరిచి ఉంచండి. పైన మంచం పక్క అరలు, సింకు కింద, ఫ్రిజ్ తలుపు లోపల చేయి పెట్టి తడిమి చూడండి. మా ఆవకాయ సీసా ఒకటి ఇంకా ఏ బండిలోనో తిరుగుతూనే ఉంది.